యంత్రమున కత్తి కుదురుగా నిలుచుట ఎట్లు?

(నరసన్నపేటలో పంచాయితీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగము)



మీ సమావేశములలో రోడ్లు, కాలువలు, వీధి దీపములు, మంచినీరు మొదలగు పెద్ద విషయములు చర్చకు వచ్చుట సహజము. మేము ఈనాడు ఒక బోల్టును గురించియు, జానెడు పొడవైనను లేని ఒక ఇనుప తొడుగును గురించియు మాట్లాడుటకు వచ్చితిమి. ఇంత చిన్న విషయమునకు సభ ఏల అని కొందరు అనుకొనవచ్చును. కోత పనిముట్టు తనను పట్టియుంచు చోట కుదురుగా లేనిచో పని చెడుటతో పోదు. పని చేయువాని చేయి పోవును. ఆ యంత్రము గ్రామపు సొమ్ముతో కొన్నదైనచో ఆ చేతి బాధ్యతలో మీకును పాలున్నది.

ఈ ప్రాంతపు రైతునకు ఈ సంగతి నిజమునకు క్రొత్తది కాదు. ట్రాక్టర్లు రాకపూర్వము కొయ్యనాగలి పట్టిన పెద్దలు ఈ సభలో నున్నారు. కర్రు ఆడుచున్న నాగలి చాలు తిన్నగా పోదనియు, ఎడ్లకు బరువగుననియు వారికి తెలియును. గొడ్డలి సంగతి అందరికిని తెలిసినదే. కామ వదులైనదని దానిని రాత్రి నీళ్ల తొట్టిలో పడవేయుదురు. ఉదయమునకు బిగిసియుండును. ఎండలో నాలుగు దుంగలు కొట్టునప్పటికి మరల ఆడుట మొదలిడును. తడిసిన కొయ్య ఉబ్బును. ఇనుప కన్ను విడివడదు. కావున లోపలి నారలు నలిగిపోవును. ఆరిన పిమ్మట ఆ కామ మునుపటికన్నను సన్నమగును. ప్రతి తడుపునకును రోగము ఒక మెట్టు ముదురుచున్నదన్న మాట. పనివాడైన కమ్మరి ఇట్లు చేయడు. బాగుగా ఆరిన తుమ్మకర్రతో క్రొత్త కామ చెక్కి, అది కన్నులో అన్ని ప్రక్కల ఆనుచున్నదా అని చూచి, అటుపిమ్మట చీల కొట్టును. తొట్టిలో నానవేసి తెచ్చిన బిగువును మేము ‘నీళ్ల బిగువు’ అందుము. యంత్రములు వచ్చిన తరువాత కూడ మన ఊళ్లలో ఈ నీళ్ల బిగువు పోలేదు. తొట్టికి బదులు రేకుముక్కలు, కాగితములు, గుడ్డపేలికలు వచ్చినవి.

మొదట గడ్డి కోయు యంత్రమును చూతము. కరెంటు మోటారుతో తిరుగు ఈ యంత్రము పశువులున్న ఇండ్లకు ఎంతో అనుకూలమైనది. బరువైన చక్రమునకు రెండు కత్తులు బోల్టులతో బిగించియుండును. మూతివద్ద అడ్డముగా ఒక ఉక్కుపట్టీ ఉండును. కత్తి ఆ పట్టీని ఇంచుమించుగా తాకుచు, తాకక పోవలెను. అప్పుడే గడ్డి తెగును. కత్తెర రెండు రెక్కల నడుమ సందు ఎక్కువైనచో గుడ్డ తెగక ఇరుక్కొనును కదా, ఇదియు అంతే.

ఇచ్చటికి ఎంతో దూరము కాని ఒక గ్రామమున ఇట్టి యంత్రము కడ ఒక స్త్రీకి కుడిచేతి రెండు వ్రేళ్లు పోయినవి. గడ్డి మూతివద్ద ఇరుక్కొనగా, యంత్రమును ఆపకయే ఆమె చేతితో లోనికి నెట్టినది. ఆమెదే తప్పని ఊరందరును అనిరి. మేము మరునాడు ఆ యంత్రమును చూచితిమి. ఒక కత్తిని చేతితో పట్టుకొని కదపగా కదలినది. బోల్టు ప్రక్కన నూనెడబ్బా రేకుముక్కలు రెండు దోపియున్నవి. ఆ కత్తి తిరుగునప్పుడు పట్టీకి దూరముగా జరుగుచు, గడ్డిని కోయుటకు బదులు మడిచి లోనికి ఈడ్చుచుండెను. అందుచేత ఆ యంత్రమున గడ్డి రోజునకు పదిసార్లు ఇరుక్కొనుచుండెనట. పదిసార్లు మోటారు ఆపుటకు ఎవరికి ఓపిక యుండును? ఆపకుండ చేయి పెట్టుట తప్పే, మేము కాదనము. కాని ఆ చేయి అచ్చటికి పోవునట్లు చేసినది వదులైన ఆ కత్తి. ఆమె మాతో, “రేకుముక్క ఎట్టీసినాక బాగానే ఉందనుకున్నాం బాబూ” అన్నది.

ఆ బోల్టు ఎందుకు వదులైనదో చెప్పుట అవసరము, ఏలయన అదే పొరపాటు ఇతర యంత్రములయందును జరుగుచున్నది. అంగుళములో ఎనిమిదవ పాలును మన వడ్రంగులు నూలు అందురు. ఆ చక్రమునకున్న బెజ్జము నాలుగు నూళ్లది, అనగా అర అంగుళము, మిల్లీమీటర్లలో 12.7. పాత బోల్టు అరిగిపోగా అంగడిలో 12 మిల్లీమీటర్ల బోల్టు తెచ్చి వేసినారు. చూపునకు రెండును ఒక్కటే. బెజ్జమునకును బోల్టునకును నడుమ 0.7 మిల్లీమీటరు ఖాళీ. మన దేశమున 1956 చట్టముతో కొలతలు మెట్రిక్ పద్ధతికి మారినను, అంగుళపు లెక్కలో చేసిన యంత్రములు, బోల్టులు ఊళ్లలో నేటికిని ఉన్నవి. మరల మరల చూడు ప్రమాదము మరొకటి కలదు. అర అంగుళపు విట్‌వర్తు మరకు అంగుళమునకు 12 చుట్లు. 12 మిల్లీమీటర్ల బోల్టునకు చుట్టు చుట్టునకు 1.75 మిల్లీమీటర్ల దూరము. ఒకదాని నట్టును మరియొకదానికి ఎక్కింపబోయినచో కొన్ని చుట్లు ఎక్కి బిగిసినట్లే తోచును. అది బిగువు కాదు, మరలు ఒకదానినొకటి కొరుకుకొనుట. పానాతో ఇంకను తిప్పినచో మర చెడును. విడిచినచో అదురునకు ఊడును.

దీనికి మందు సులభము. పాత బోల్టును జేబులో వేసికొని అంగడికి పోయి, దానికి సరిపోవు బోల్టును, నట్టును, వాషరును కలిపి తెచ్చుకొనవలెను. బోల్టునకు మరలేని నున్నని భాగము కత్తియందును, చక్రమునందును ఆనునంత పొడవుండవలెను. మర భాగము బెజ్జములో ఆనినచో అది ఆకురాయివలె బెజ్జమును తినును. కత్తి బెజ్జము కోలగా సాగిపోయినచో ఆ కత్తిని పారవేయుడు. అది గట్టిపరచిన ఉక్కు. అతుకులు దానికి పనికిరావు. చక్రపు బెజ్జమే సాగినచో టర్నరు వద్దకు తీసికొనిపోవలెను. అతడు దానిని గుండ్రముగా పెద్దది చేసి లోపల ఉక్కు బుష్షు దిగగొట్టగలడు, లేదా ఆ చక్రము ఇక పనికిరాదని చెప్పును. చెప్పినచో నమ్ముడు. రెండు కత్తులను ఒకేసారి మార్చుట మేలు. ఒకటి బరువు, ఒకటి తేలికయైనచో చక్రము అదురును, ఆ అదురు మరల బోల్టులను వదులు చేయును. ఈ పని మొదలిడుటకు ముందు మెయిను స్విచ్చి తీసివేయుట ఎవరికిని చెప్పనక్కరలేదు కాని చెప్పుచున్నాము.

ఇక బెజ్జములు వేయు డ్రిల్లింగు యంత్రము. మా ప్రసంగమున ముఖ్యభాగము దీనిని గురించియే. మరియొక గ్రామమున పంచాయితీ గదిలో యువకులు కొందరు చిన్న మరమ్మతుల షెడ్డు పెట్టుకొనిరి. వంశధార కాలువ నీరు పారు పొలములకు చిన్న తూము తలుపులు చేయుట, చేతిపంపుల మరమ్మతు, ట్రాక్టరు సామానులకు బెజ్జములు వేయుట వారి పని. పాత డ్రిల్లింగు యంత్రమొకటి చౌకగా దొరికినదని కొనిరి. 12 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టులును కొనిరి. తీరా చూడగా బిట్టు కాడ సన్నము, యంత్రపు సాకెట్టు వెడల్పు. అందుచేత ఆ బిట్టును మూడు దవడల చక్కులో బిగించి పని కానిచ్చుచుండిరి. బెజ్జము కోలగా పడుచుండెను, బిట్టులు విరుగుచుండెను. అంగడివాడు నాసిరకము బిట్టులు అంటగట్టినాడని వారి అభిప్రాయము. తప్పు అంగడివానిది కాదు.

ఆ బిట్టు కాడ గుండ్రని కడ్డీ కాదు. ఒక కొన నుండి మరియొక కొనకు సన్నబడుచు వచ్చును. దీనిని టేపరు అందురు. అమెరికాలో స్టీఫెన్ మోర్సు అను ఆయన 1863లో మెలిక తిరిగిన డ్రిల్లు బిట్టునకు పేటెంటు పొందెను. ఆయన పేరిట ఈ కాడల కొలతలు ప్రపంచమంతటను నిలిచినవి. మోర్సు టేపరులు సున్నా నుండి ఏడు వరకు నంబర్లతో ఉన్నవి. ఇంచుమించుగా 20 మిల్లీమీటర్ల పొడవునకు 1 మిల్లీమీటరు వంతున లావు తగ్గును. ఇంత కొద్దిపాటి వాలు కలిగియుండుటలోనే దాని మర్మమున్నది. శుభ్రమైన కాడను శుభ్రమైన సాకెట్టులోనికి చేతితో గట్టిగా పోటు పొడిచినచో చుట్టును ఆనుకొని, ఆ రాపిడి చేతనే నిలుచును. బోల్టు లేదు, చీల లేదు. పని చేయుకొలది క్రింది నుండి వచ్చు ఒత్తిడి దానిని ఇంకను లోనికి దిగవేయును. మరి చక్కులో బిగించినచో నేమి? చక్కు దవడలు నిలువుగా నుండును, కాడ వాలుగా నుండును. మూడు దవడలును మూడు అంచుల వద్ద మాత్రమే తాకును. చక్కు తాళముతో ఎంత బిగించినను అది నీళ్ల బిగువే.

ఆ యువకుల యంత్రమున ఉన్నది 2వ నంబరు సాకెట్టు; దాని వెడల్పు అంచు 17.78 మిల్లీమీటర్లు. వారి బిట్టు కాడ 1వ నంబరు; 12.065 మిల్లీమీటర్లు. నడుమ కావలసినది ఒక స్లీవు, అనగా వెలుపల 2వ నంబరు, లోపల 1వ నంబరు వాలు గల ఉక్కు తొడుగు. యంత్రపు ధరతో పోల్చినచో దాని ధర లెక్కలోనిది కాదు. అది లేక ఎన్నో బిట్టులు విరిగినవి, ఒక వర్షాకాలపు పని చెడినది. వారు పంచాయితీని అడిగిరి కూడ. “యంత్రము కొన్నారు కదా, మరల ఈ గొట్టమెందుకు?” అని ఒక సభ్యులు అనిరట. ఆయనను మేము తప్పుపట్టము. యంత్రమును చూచినవారికి యంత్రము కనిపించును గాని, నడుమ లేని వస్తువు కనిపించదు.

సాధారణముగా 14 మిల్లీమీటర్ల వరకు గల బిట్టులకు 1వ నంబరు కాడ, అచ్చటినుండి 23 వరకు 2వ నంబరు, దానిపైన ఇంచుమించు 32 వరకు 3వ నంబరు, అంతకు పెద్దవానికి 50 వరకు 4వ నంబరు వచ్చును. యంత్రపు సాకెట్టు నంబరు తెలిసినచో ఏయే స్లీవులు కావలయునో ఇంటివద్ద కూర్చుండియే వ్రాసికొనవచ్చును.

నంబరు సరిపోయినను కొన్ని సమయములలో కాడ నిలువదు. ఇచ్చట మా తప్పును ఒకదానిని ఒప్పుకొందుము. పని నేర్చుకొను రోజులలో మేము వాడిన యంత్రపు సాకెట్టు అరిగియుండెను. బిట్టు జారుచుండగా కాడచుట్టు ఒక పొర కాగితము చుట్టి దోపితిమి. రెండు బెజ్జములు చక్కగా పడినవి. మూడవ దానిలో బిట్టు రేకును పట్టుకొనినది, కాగితము చినిగినది, కాడ గిర్రున తిరిగి దాని తోక మెలికపడినది, చేతితో పట్టుకొనియున్న రేకు గాలిమరవలె తిరిగినది. ఎడమ బొటనవ్రేలి మీది మచ్చ నేటికిని ఉన్నది. వైసులో బిగింపక రేకును చేతితో పట్టుట ఒక తప్పు. కాగితము రెండవ తప్పు. మా పెద్దమేస్త్రి మమ్ము తిట్టలేదు. ఆ బిట్టు తోకను చూపి, ఇది మోయవలసిన బరువు కాదని మాత్రమనెను.

ఆ తోక సంగతి తెలిసికొనదగినది. కాడ చివర బల్లపరుపుగా నుండు ఆ భాగమును టాంగు అందురు. బిట్టును త్రిప్పునది అదే అని చాలమంది అనుకొందురు. త్రిప్పు బలములో అధికభాగమును మోయునది వాలు పొడవునా ఉండు రాపిడి. బిట్టును బయటకు తీయునప్పుడు, సాకెట్టు ప్రక్క కంతలో డ్రిఫ్టు అను చదునైన చీలను పెట్టి తట్టుటకు టాంగు ముఖ్యముగా ఉపయోగించును. మీ షెడ్డులో తోకలు మెలికపడిన, విరిగిన బిట్టులు కనిపించినచో బిట్టులను నిందింపకుడు, సాకెట్టును చూడుడు.

చూచుట ఎట్లు? మొదట యంత్రమును ఆపి, కరెంటు తీసి, పుల్లకు శుభ్రమైన గుడ్డ చుట్టి సాకెట్టు లోపల తుడువవలెను. సగము రోగములు ఇచ్చటనే కుదురును. వెంట్రుకంత ఇనుప రజను ఒక ప్రక్క చిక్కియున్నను కాడ ఒరిగి నిలుచును. ఆ వంకర కొన దూరమైన కొలది పెరుగును. పిదప కాడను వ్రేలితో తడిమి చూడవలెను. క్రిందపడినప్పుడు లేచిన గరుకు తగిలినచో సానరాతితో ఆ ఎత్తును మాత్రము మెల్లగా రుద్ది తీయవలెను. అప్పటికిని నిలువనిచో ప్రష్యను బ్లూ అను నీలిరంగును కాడపై నిలువుగా సన్నని గీతగా పూసి, సాకెట్టులోనికి దోపి, కొద్దిగా మాత్రము త్రిప్పి తీయవలెను. ఆ రంగు లేనిచో మెత్తని పెన్సిలు గీతయు పనికివచ్చును. గీత పొడవునా సమముగా చెరిగినచో పట్టు మంచిది. వెడల్పు అంచు వద్ద మాత్రమే చెరిగి తక్కిన చోట అట్లే యున్నచో లోపల ఆనుట లేదు. ఈ పరీక్షను మంచి కాడతోనే చేయవలెను. అరిగిన కాడతో సాకెట్టును పరీక్షించుట వంకర కర్రతో గోడ తిన్ననను చూచుట వంటిది.

సాకెట్టు లోపల గీతలుపడి గరుకెక్కినచో దానికి తగిన మోర్సు రీమరు అను పనిముట్టు కలదు. దానిని చేతితో త్రిప్పి, నూనె వేసి, కొద్దికొద్దిగా గరుకును మాత్రము తీయవలెను. ఇది అలవాటున్నవాని పని. ఎమరీ కాగితమును వ్రేలికి చుట్టి రుద్దుట మాత్రము కూడదు. వాలు చెడి ఉన్న పట్టు కూడ పోవును. కొందరు మేస్త్రీలు కాడమీద పంచితో చుక్కలు చుక్కలుగా కొట్టి లావు చేయుదురు. ఆ చుక్కల గట్లు రెండు రోజులు పట్టుకొనును, మూడవనాడు నలిగి సాకెట్టును గీరును. ఒక బిట్టును బాగుచేయబోయి యంత్రమును పాడుచేయుట! ఇది మన జిల్లాలోనే కాదు, ప్రతిచోటను ఉన్న జబ్బే.

అయితే మెత్తలు పెట్టుట అంతటను తప్పని మా మాటను అపార్థము చేసికొనకుడు. ఇదే శ్రీకాకుళం జిల్లాలో బుడితి గ్రామము ఇత్తడి, కంచు పాత్రలకు పేరు పొందినది. పోతపోసిన లోహమును తరిమెన మీద త్రిప్పుచు చెక్కు పనిలో ఉలిని పట్టునది మనిషి చేయి. ఆ చేయి తన బిగువును క్షణక్షణము తానే దిద్దుకొనును. లేతు యంత్రమున ఆ చేతికి బదులు టూలుపోస్టు కలదు. అందులో నలుచదరపు కాడ గల ఉలిని బోల్టులతో పైనుండి నొక్కి బిగింతురు. ఉలి కొన తిరుగుచున్న వస్తువు నడిమికి సరియైన ఎత్తున ఉండవలెను. తక్కువైనచో క్రింద ఉక్కు బద్దలు పెట్టవలసినదే. ఆ బద్దలు చదునుగా, శుభ్రముగా, కాడ క్రింద పొడవునా పరచినట్లు ఉండవలెను. ముందు ఒక ముక్క, వెనుక ఒక ముక్క పెట్టినచో ఉలి వంగి అదురును. ఉలి బయటకు చాచుకొనియుండు పొడవు దాని మందమునకు ఒకటిన్నర రెట్లు మించకుండుట మంచిది. చదునైన చోట చదునైన మెత్త సరియే. వాలుగా నుండి, చుట్టును తాకిననే నిలుచు చోట మెత్తకు తావు లేదు.

ఇప్పుడు సభ్యులైన మీ పనికి వత్తము. యంత్రమును కొనుటకు తీర్మానము చేయునప్పుడు ధర, మోటారు అశ్వశక్తి వ్రాయుదురు. సాకెట్టు నంబరు ఎవరును వ్రాయరు. దానిని వ్రాయింపుడు. దానికి తగిన స్లీవులను, డ్రిఫ్టును, వైసును, చక్కు తాళమును యంత్రముతోపాటే కొని స్టాకు రిజిస్టరులో వేరువేరుగా ఎక్కింపుడు. డ్రిఫ్టు లేనిచోట సుత్తి, ఉలి పట్టి బిట్టును ఊడగొట్టుదురు. కాడలు చెడుటకు అది రాచబాట. చక్కు తాళమును చక్కులో వదలి యంత్రము నడిపినచో అది రాయివలె ఎగురును. వ్రేలాడగట్టుటకు మేకు కొట్టించుడు గాని, యంత్రమునకు గొలుసుతో కట్టింపకుడు. పాత యంత్రము కొనునప్పుడు సాకెట్టులో వ్రేలుపెట్టి తడిమి చూచుటకు తెలిసినవాని నొకనిని వెంట తీసికొనిపోవుడు. రంగు క్రొత్తగా వేసినచో మరింత శ్రద్ధతో చూడుడు.

గడ్డి యంత్రముల వంటి వానికి చట్టము కూడ ఉన్నది. ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము 1983లో పార్లమెంటు చేసినది. ధాన్యము నూర్చు యంత్రములు మొదలగువానివలన పనివారికి కలుగు మరణమునకు, అంగనష్టమునకు పరిహారమును గూర్చి అందులో నిబంధనలున్నవి. వ్రేళ్లు పోయిన ఆ స్త్రీ యింటివారికి ఆ సంగతి చెప్పినవారు లేరు. మీ గ్రామమున అట్టిది జరిగినచో “ఆమెదే తప్పు” అనుటకు ముందు ఆ కత్తిని ఒకరు చేతితో కదిపి చూడవలెనని మా కోరిక. బోల్టులను, రేకుముక్కలను ఎవరును మార్చకముందే చూడవలెను.

ఆ మరమ్మతుల షెడ్డు యువకులు తుదకు స్లీవును తామే చందా వేసికొని కొనుక్కొనిరి. ఆ తరువాత వారు చేసిన తూము తలుపునకు బోల్టులు సుత్తి లేకుండనే దిగినవని చెప్పిరి. ఆ చందా సొమ్మును పంచాయితీ తిరిగి ఇచ్చినదో లేదో మేము అడుగలేదు. ఆ గ్రామపు సభ్యులు ఈ సభలో నున్నారు.

ఈ బల్లమీద ఒక స్లీవును, మంచి బిట్టు నొకదానిని, తోక మెలికపడిన బిట్టు నొకదానిని, ఒక డ్రిఫ్టును ఉంచితిమి. అర అంగుళపు బోల్టును, 12 మిల్లీమీటర్ల బోల్టును కూడ వాని నట్టులతో సహా కలిపి పోసియుంచితిమి. సభ ముగిసిన పిదప దయచేసి ఇటు వచ్చి, దేని నట్టు దేనిదో మీ చేతులతోనే ఎక్కించి చూడుడు. మేము సాయంకాలము వరకు ఇచ్చటనే యుందుము.